ఆఖరి గడిలో చీమ

మచ్చలు తుడవడం నా పని. ఎవరైనా అడిగితే రంగులు వేస్తుంటానని గొప్పగా చెబుతాను కానీ, నిజానికి రంగు వేసేది సగం రోజే. మిగతా సగం తుడవడమే. ఇంగ్లండులో ఒక పెద్దాయన కాగితం మీద సిరాతో బొమ్మలు గీసేవారు. ఆయన కూతురు వాటిని స్కాన్ చేసి పంపేది. ఆ గీతల మధ్య పడ్డ దుమ్మూ ధూళీ, వెంట్రుకలు, సిరా తుంపరలు, టీ మరకలు అన్నీ తీసేసి, కాగితాన్ని మల్లెపువ్వులా చేసి, అప్పుడు రంగు వేసేదాన్ని. సింగపూరు సెంగ్‌కాంగ్‌లో మా పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఏడేళ్ళు అదే పని చేశాను. పిల్లల్ని నవ్వించే కామిక్ అది. వారం వారం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

దాని ఆఖరి రోజుల గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేనే కడుపులో పెట్టుకోలేక రాస్తున్నాను.

ఆ కామిక్ నాకు ఉద్యోగం కంటే చాలా ముందే తెలుసు. మా తాతయ్య సెంబవాంగ్‌లో ఓడలకి రంగు వేసేవాడు. వాళ్ళ నాన్న విశాఖపట్నం వైపు నుంచి వచ్చి అక్కడి తెల్లవాళ్ళ నౌకాస్థావరంలో పనికి కుదిరాడు, కొడుకూ ఆ పనిలోకే వెళ్ళాడు. తెల్లవాళ్ళు స్థావరం ఖాళీ చేసి వెళ్ళిపోయినప్పుడు బంగళాల ముందు పారేసిన సామానులో కామిక్కుల కట్టలు కనబడితే, తాతయ్య ఒక రేకుపెట్టె నిండా తెచ్చుకున్నాడు. ఆయనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మరెందుకు తెచ్చావంటే, "రంగు బాగా వేసినారు" అనేవాడు. తరవాత నేను పుట్టి, చదవడం నేర్చుకునేసరికి ఆ పెట్టె నాదైపోయింది.

అందులో ఒక అల్లరి పిల్ల ఉండేది. దానికో మేక. ఆ మేక వారానికొకటి తినేస్తుంది. ఆరేసిన బట్టలు, టీచరమ్మ టోపీ, పోస్టుమాను సంచి, ఏది దొరికితే అది. పేజీ చివర, ఆఖరి గడిలో, ఊరు ఊరంతా ఆ పిల్ల వెంటపడి తరుముతుంది. ఆ ఆఖరి గడిలోనే ఎక్కడో ఒకచోట ఒక చీమ ఉంటుంది. బియ్యపు నూకలో సగం ఉంటుందేమో. దాన్ని కనిపెట్టింది తాతయ్యే. చదవడం రానివాడు బొమ్మని అంగుళం అంగుళం చూస్తాడు కదా. పైగా ఇనుప రేకుల మీద తుప్పు వెతికిన కళ్ళు. అప్పటినుంచీ మా ఇద్దరికీ ఒక కట్టుబాటు. చీమ దొరికేదాకా పేజీ తిప్పకూడదు. దొరికితే తాతయ్య దాని మీద వేలు పెట్టి "సుదా" అనేవాడు. మలాయిలో అయిపోయిందని అర్థం. అప్పుడే తిప్పాలి. ఒకసారి నేను తొందరపడి తిప్పబోతే చేతిమీద ఒక్కటిచ్చాడు.

"దానికి కోపమొస్తాదే. మనం సూడకుండా పోతే అది ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

తుడవడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఓడ మీద కొత్త రంగు వేసే ముందు పాత తుప్పంతా గీకిపారెయ్యాలి. "గీకకుండా రంగేసినావంటే ఆర్నెల్లకి తుప్పు లోపల్నుంచి నవ్వుతాది" అనేవాడు. నేనూ అంతే. నా పేజీలో ఒక్క మచ్చ ఉండదని నాకు పొగరు. ఆ పొగరు వల్లే ఈ కథంతా జరిగింది.

ఎనిమిదేళ్ళ కిందట, ఇక్కడి బడిపుస్తకాలకి బొమ్మలు దిద్దుకుంటున్న నాకు ఇంగ్లండు నుంచి ఒక కబురొచ్చింది, రంగులు వెయ్యడానికి మనిషి కావాలని. నమూనాగా ఒక పేజీ పంపారు. తెరిచి చూస్తే అదే పిల్ల, అదే మేక. ఆ కామిక్కుల్లో బొమ్మలు గీసేవాళ్ళని పేరు వేసుకోనిచ్చేవారు కాదు. ఒకరు పోతే ఇంకొకరు వచ్చి అదే చేత్తో గీసినట్టు గీసేవారు, చదివే పిల్లలకి తెలిసేది కాదు. ఇది మాత్రం మొదట్నుంచీ ఒకే మనిషి గీస్తున్నాడనీ, ఆయనకి తొంభై దగ్గరపడుతోందనీ ఎడిటరు చెప్పాడు.

మొదటి పేజీ రాగానే తుడిచాను, రంగు వేశాను. తరవాత తీరిగ్గా కూర్చుని ఆఖరి గడిలో చీమ కోసం వెతికాను. లేదు. పెద్దతనంలో ఓపిక లేక మానేశారు కాబోలనుకుని ఉసూరుమన్నాను. ముందు తుడిచాను, తరవాత వెతికాను. అంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో చెయ్యలేదు, కానీ ఆ సంగతి తెలియడానికి ఏడేళ్ళు పట్టింది.

పెద్దాయనతో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన నాతో పేజీ అంచున నీలం పెన్సిలుతో మాట్లాడేవారు. అచ్చులో పడని లేత నీలం అది. రంగు వేసేటప్పుడు ఒక్క మీట నొక్కితే మాయమైపోతుంది. "రంగులమ్మాయీ, ఈ ఆకాశం నీ ఇష్టం." "రంగులమ్మాయీ, మేకకి జలుబు చేసింది, ముక్కు ఎర్రగా వెయ్యి." నాకు నలభై దాటాక నన్ను అమ్మాయీ అన్నది ఆయనొక్కరే. మంగళవారం సాయంత్రం పేజీ రాగానే ముందు ఆ నీలం రాత చదువుకుని నవ్వుకునేదాన్ని.

ఒక్కటే చిరాకు. ప్రతి పేజీలో ఆఖరి గడిలో మూడు చుక్కలుండేవి. ఒక్కో వారం ఒక్కో చోట. వాళ్ళ స్కానరు అద్దం మీద దుమ్ము అనుకున్నాను, కాగితం అటూ ఇటూ పెడితే చోటు మారుతోందనుకున్నాను. ఒకసారి మర్యాదగానే రాశాను, అద్దం కాస్త తుడిపించండి అని. పై వారం పేజీ అంచున జవాబొచ్చింది. "అద్దం శుభ్రంగానే ఉంది." అంతే. పెద్దాయనకి కోపమొచ్చిందని నవ్వుకుని, ఆ మూడు చుక్కలూ తుడిచేసి, పనిలో పడ్డాను.

ఇక శుభవార్త సంగతి. కామిక్కులు పోయేటప్పుడు ఒక ఆచారం ఉంది. ఏ కామిక్కూ నేను పోతున్నానని చెప్పదు. అట్ట మీద పెద్దపెద్ద అక్షరాలతో "పిల్లలూ, లోపల గొప్ప శుభవార్త!" అని వేస్తారు. లోపల చూస్తే, వచ్చే వారం నుంచి మీ కామిక్ ఇంకో కామిక్‌తో కలిసి మరింత పెద్దగా వస్తుందని ఉంటుంది. కొన్నాళ్ళు రెండు పేర్లూ పక్కపక్కన ఉంటాయి. తరవాత రెండో పేరు చిన్నదవుతుంది, ఇంకా చిన్నదవుతుంది, ఒక వారం ఉండదు. తాతయ్య పెట్టెలో అలాంటి శుభవార్తలు మూడున్నాయి. అట్ట మీద శుభవార్త ఉంటే లోపల శవం ఉన్నట్టేనని నాకు తొమ్మిదేళ్ళకే తెలుసు.

కిందటేడు ఒక మంగళవారం ఎడిటరు పంపిన మెయిలు పైన "గొప్ప శుభవార్త" అని ఉంది. తెరవకముందే లోపలేముందో తెలిసిపోయింది.

ఎడిటరు కుర్రవాడు. మూడు పత్రికలు ఒక్కడే చూసుకుంటాడు, పాపం. ఇంకా ఆరు సంచికలు వస్తాయనీ, ఆ తరవాత మేక కంప్యూటరు తెర మీదికి మారి "కొత్త జీవితం" మొదలుపెడుతుందనీ రాశాడు. అదీ పాత బొమ్మలతోనే. పెద్దాయనకి చెప్పారా అని అడిగాను. "ఆయన పేజీలన్నీ ముందే పంపేశారు, మీరు బెంగ పెట్టుకోకండి" అని జవాబు. అడిగినదొకటి, చెప్పినదొకటి. అప్పుడే అనుమానం రావలసింది.

ఆ వారం పేజీ అంచున నీలం రాత లేదు. పై వారమూ లేదు. ఏడేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. తెల్లగా ఖాళీగా ఉన్న ఆ అంచు చూస్తే, రోజూ పలకరించే మనిషి ఎదురుపడి ముఖం తిప్పుకుని పోయినట్టనిపించింది.

అప్పుడే చైనావాళ్ళ ఏడో నెల మొదలైంది. పితృదేవతలు ఆకలితో తిరిగే నెల. మా బ్లాకు కింద ఇనుప పీపాల్లో పొద్దుటినుంచీ కాగితాలు కాలుస్తూనే ఉంటారు. కాగితం డబ్బు, కాగితం చొక్కాలు, కాగితం ఇళ్ళు. కాలిస్తే అవతలివాళ్ళకి చేరతాయని నమ్మకం. ఆ బూడిద పదకొండో అంతస్తు దాకా లేచి నా బల్ల మీద వాలుతుంది. నల్లటి రేకులు, ముట్టుకుంటే పొడి. రోజుకి నాలుగుసార్లు తుడిచినా మళ్ళీ ఉండేవి. కిటికీ కింద డ్రైవరు లేని చిన్న రైలు చుట్టూ తిరిగి వచ్చేది. మధ్యాహ్నం వేళ అందులో మనుషులూ ఉండరు. ఖాళీ పెట్టె వచ్చి ఆగి, తలుపులు తెరిచి, ఎవరో ఎక్కేదాకా ఆగినట్టు ఆగి, మూసుకుని వెళ్ళిపోయేది. రోజూ చూసేదే. ఆ నెలలో మాత్రం దాన్ని చూడటానికి మనసొప్పేది కాదు.

రెండో వారం పేజీ నేను తుడిచి పంపాక, అచ్చుకి వెళ్ళే ముందు చూసుకోమని నమూనా తిరిగొచ్చింది. ఆఖరి గడిలో ఎర్ర సున్నా చుట్టి ఎడిటరు రాశాడు. "ఈ మచ్చలు తీసెయ్యండి." మూడు చుక్కలు. నేను తీసేసినవే. నా దగ్గరున్న ఫైలు చూశాను. అందులోనూ ఉన్నాయి. తుడిచినట్టు నాకు ఖాయంగా గుర్తుంది, ఆ పిల్ల బూటు పక్కన. పొరపాటున పాతది పంపానేమోనని నన్ను నేనే తిట్టుకుని మళ్ళీ తుడిచాను.

ఆ మధ్యాహ్నమే ఎడిటరు ద్వారా పెద్దాయనకి రాశాను. మీ రాత కనిపించక రెండు వారాలైంది, నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా అని.

మూడో వారం పేజీ అంచున నీలం రాత ఉంది. "తప్పేం లేదు. కానివ్వు."

చిన్నపిల్లలా గెంతాను. ఫోను తీసి మా అమ్మాయికి ఫొటో కూడా పంపాను.

నాలుగో వారం పేజీ తుడిచి, రంగు వేసి, తెర అలాగే వదిలేసి వంటింట్లోకి వెళ్ళాను. మా అమ్మాయి పాలిటెక్నిక్ నుంచి వచ్చి నా కుర్చీలో కూర్చున్నట్టుంది. "అమ్మా, యువర్ స్క్రీన్ గాట్ యాంట్ లా" అని ఇక్కడి పిల్లలందరిలాగే చివర 'లా' తగిలించి కేకేసింది. మా ఫ్లాట్‌లో చీమలకి కొదవ లేదు. గుడ్డ పట్టుకెళ్ళాను. తను అప్పటికే వేలితో తుడుస్తోంది. అది కదల్లేదు. తెర మీద కాదు, బొమ్మలో ఉంది. మేక గడ్డం కింద, మూడు చుక్కలు. దూరం నుంచి చూస్తే నిజంగానే చీమలా ఉంది.

"నేనిప్పుడే తుడిచాను" అన్నాను.

"దెన్ యూ నెవర్ సేవ్ ప్రాపర్లీ లా" అంది, చిప్సు పొట్లం తెరుస్తూ.

అంతే అయ్యుంటుంది. మళ్ళీ తుడిచాను. తుడుస్తుంటే తాతయ్య మాట గుర్తొచ్చింది, తుప్పు లోపల్నుంచి నవ్వుతుందని. పట్టపగలు, కింద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, అయినా లేచి వెళ్ళి వీధి తలుపు గడియ చూసుకొచ్చాను.

అయిదో వారం ఎడిటరు ఫోన్ చేశాడు. ఆఖరి పేజీ సగమే ఉందనీ, చివరి గడి సిరా గీతలు నేనే వెయ్యాలనీ అన్నాడు. అదేమిటి, ఆయనుండగా నేనెందుకు అన్నాను. అప్పుడు చెప్పాడు. శుభవార్త మెయిలుకి రెండు రోజుల ముందే పెద్దాయన పోయారట. బల్ల దగ్గరే. ఆయనకి అయిదారు వారాల పని ముందుగా గీసిపెట్టే అలవాటు కాబట్టి పేజీలు వస్తూనే ఉన్నాయట. పని అయ్యేదాకా బయటికి చెప్పవద్దని కూతురు కోరిందట.

"మరి నా ఉత్తరానికి జవాబిచ్చారే?" అన్నాను.

"ఏ ఉత్తరం? ఆయన పోయారు కదా, నేను పంపలేదు" అన్నాడు.

నీలం రాత సంగతి చెప్పాను. పేజీ చూసి, రెండో గడిలో మేకకి ఒక కొమ్మే ఉంది చూడండన్నాడు. గీత తప్పిపోయినా ఫరవాలేదు, అలాగే కానివ్వమని ముందెప్పుడో రాసుకున్నారని. నిజమే, ఒక కొమ్మే ఉంది. బుద్ధికి సరిపోయింది కానీ గుండెకి సరిపోలేదు. అయిదు వారాలుగా పోయిన మనిషి గీతలు తుడుస్తున్నాను. ఆయన బతికే ఉన్నారనుకుని గొణుక్కున్నాను, విసుక్కున్నాను. బల్ల మీద బూడిద అలాగే ఉంది. ఆ రోజు దాన్ని తుడవబుద్ధి కాలేదు.

ఆఖరి పేజీని కూతురు నాకే నేరుగా పంపింది, ఒక ఉత్తరంతో. అది చదివినప్పుడు మధ్యాహ్నం మూడున్నర అయింది. అయిదింటికి మా అమ్మాయి వచ్చేసరికి నేనదే కుర్చీలో అలాగే ఉన్నాను.

ఆమె రాసింది ఇది. "చివరి గడి నాన్న పెన్సిలుతోనే వదిలేశారు. మీరు సిరా వేసేటప్పుడు ఒక్క మనవి. అందులో నాన్న చీమను పెట్టండి. మూడు చుక్కలు చాలు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన కాళ్ళు గీయడం మానేసి చుక్కలే పెట్టేవారు. ఆ చీమ మా అమ్మ. ఒక్కచోట కూర్చోదని పెళ్ళికి ముందునుంచీ నాన్న ఆమెని చీమా అని పిలిచేవారు. తన పేరు వేసుకోనివ్వరు కాబట్టి అమ్మను పెట్టేవారు. కామిక్ రాగానే అమ్మ భూతద్దం పట్టుకుని వెతికేది. ఏడేళ్ళ కిందట ఒకరోజు చీమ లేదంది. పై వారమూ లేదంది. నేను గీస్తూనే ఉన్నాను, నువ్వు సరిగా చూడు అనేవారు నాన్న. అచ్చయినది ఆయనెప్పుడూ తిరిగి చూడలేదు. స్కాన్ చేసేది నేనే, కాగితం మీద చుక్కలు వారం వారం చూసేదాన్ని, అందుకే అచ్చులో వెతకనే లేదు. కళ్ళ డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. అయితే మతి పోతోందని మేమే అనుకున్నాం. స్టవ్ కట్టేశానంటే వెళ్ళి చూసొస్తాం. తలుపు వేశానంటే వెళ్ళి చూసొస్తాం. ఇప్పుడు తన మాట తనే నమ్మడం మానేసింది. మీ నాన్న పోయారా, లేక నేను పొరబడుతున్నానా అని రోజూ నన్నడుగుతోంది."

పాత స్కాన్లన్నీ నా దగ్గర దాచి ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచాను. నేను పని చేసేటప్పుడు పేజీని పదింతలు పెద్దది చేసి చూస్తాను. అంత దగ్గర్నుంచి చూస్తే చీమ చీమలా ఉండదు, సంబంధం లేని మూడు మరకలుంటాయి. ఇప్పుడు పేజీ పేజీలా పెట్టి, తాతయ్య ఒళ్ళో కూర్చుని చూసినంత దూరం నుంచి చూశాను. ప్రతిదాంట్లో ఉంది. తోట గోడ మీద, టోపీ అంచున, మేక తోక పక్కన, అప్పుడే వచ్చి ఆగినట్టుగా. మొదటి వారం పేజీలో అయితే రెండు కాళ్ళు కూడా ఉన్నాయి, సన్నగా, వణుకుతూ. నేను వెతికి లేదనుకున్న పేజీ అది. నా చేత్తోనే ముందు తుడిచేసి, తరవాత ఉసూరుమన్న పేజీ.

ఏడుపొచ్చింది. సిగ్గుతో, నా మీద కోపంతో. శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఇక్కడ ఏ ఆజ్ఞా లేకుండా నేను ఒక ముసలావిడ కళ్ళల్లో ఏడేళ్ళు దుమ్ము కొట్టాను.

ఎడిటరుకి చెప్పాను. "ఆమెకి తొంభై దగ్గర. ఇప్పుడు చెప్పి ఎవరికేం లాభం? ఆఖరి పేజీలో చీమను పెట్టెయ్యండి, ముచ్చట తీరుతుంది" అన్నాడు. మా అమ్మాయి కూడా అదే మాట. "డోంట్ టెల్ లా అమ్మా. నోబడీ నోస్."

ఆ మాటతోనే నాకు కోపం నషాళానికంటింది. ఎవరికీ తెలియకపోవడమేమిటి? ఒకావిడకి తెలుసు. లేదు, లేదు అని ఏడేళ్ళుగా చెబుతూనే ఉంది. నమ్మినవాళ్ళే లేరు.

ముందు గడి పూర్తి చేశాను. పెన్సిలు గీతల్లో ఆ పిల్లా మేకా మనకి వీపు పెట్టి నడిచి వెళ్ళిపోతున్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి వెనక తరిమేవాళ్ళు ఎవరూ లేరు. వీధి ఖాళీ. మేక మాత్రం తల తిప్పి, పేజీ అంచునే కొరుకుతోంది, ఇంకేమీ మిగలనట్టు. ఆయన చేతి వణుకును నా చెయ్యి చెప్పకుండానే పట్టుకుంది. ఎంత ప్రయత్నించినా గీత తిన్నగా రాలేదు. మేక గిట్ట కింద చీమను పెట్టాను. చుక్కలు కాదు, తాతయ్య పెట్టెలో ఉన్నవాటిలాంటిది, ఆరు కాళ్ళతో. ఒక్కటే ఒక్కటి. పేజీని పదిసార్లు పైనుంచి కిందికి చూసి పంపాను.

తరవాత కూతురికి ఉత్తరం రాశాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు రాశాను. మీ అమ్మగారు చెప్పింది నిజం. అచ్చులో చీమ లేదు. దుమ్మనుకుని నేనే తుడిచాను. ఆవిడ కళ్ళకీ ఏమీ కాలేదు, మతికీ ఏమీ కాలేదు. నమ్మకపోతే ఇవిగో పాత స్కాన్లు, ఇవిగో నేను తుడిచిన పేజీలు, పక్కపక్కన పెట్టి చూసుకోండి అని అన్నీ జతచేశాను.

మూడు వారాలు జవాబు లేదు. ఏడో నెల అయిపోయింది, పీపాలు తీసేశారు, బూడిద రావడం ఆగింది. మెయిలు చప్పుడైనప్పుడల్లా పని వదిలేసి చూసేదాన్ని. తిట్లు వస్తాయని భయం. అసలేమీ రాదేమోనని అంతకంటే భయం.

ఆఖరి సంచిక పోస్టులో వచ్చింది. అట్ట మీద శుభవార్త మెరుస్తోంది. ఆ సాయంత్రమే కూతురి మెయిలు వచ్చింది.

"మీ ఉత్తరం అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. మీ మీద నాకు చాలా కోపం వచ్చింది, అందుకే ఇన్నాళ్ళు రాయలేదు. అమ్మకి మాత్రం రాలేదు. కళ్ళజోడు నాకు కాదు, నీకు కావాలి అంది. లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది. నేను వెళ్ళి చూడలేదు. ఆ రాత్రి నాన్న కోసం మొదటిసారి ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడవడానికి కూడా తనని తను నమ్మలేదు.

ఆఖరి సంచిక వచ్చింది. భూతద్దం అక్కర్లేదంది. నిమిషంలో రెండు చీమల్నీ పట్టేసింది. మేక గిట్ట కింద ఉన్నది మీరు గీసిందట, కాళ్ళు ఎక్కువ శుభ్రంగా ఉన్నాయట. రెండోది నాన్నదట. ఎక్కడుందో నాకు చెప్పదట, నన్నే వెతుక్కోమంటోంది. నాకింకా దొరకలేదు. కాస్త చెబుతారా?"

నేను గీసింది ఒక్కటే.

ఫైలు తెరిచి చూశాను. ఒక్కటే. అచ్చయిన పేజీ కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. గిట్ట కింద నాది, ఆరు కాళ్ళతో. ఇంకోటి కనిపించలేదు. మా అమ్మాయి నా భుజం మీదుగా చూసి, "ఓల్డ్ ఆంటీ కదమ్మా, సేమ్ వన్ రెండుసార్లు కౌంట్ చేసుంటారు లా" అంది.

"ఆవిడ కళ్ళకేం కాలేదు" అన్నాను. నాకు తెలియకుండానే గొంతు పెద్దదైంది. ఆ మాట నేనే రాసి, రుజువులు పెట్టి, సంతకం చేసి పంపాను. లోకంలో ఇంకెవరైనా కాదనొచ్చు, నేను మాత్రం కాదనకూడదు.

ఆ సంచిక ఇప్పటికీ నా బల్ల మీద తెరిచే ఉంది. రోజూ మధ్యాహ్నం కాసేపు చూస్తాను. మేక గడ్డం, పిల్ల జడ, ఖాళీ వీధి, కొరికిన అంచు. బల్ల తుడిచేటప్పుడు దాని జోలికి పోను. ఆ పేజీ వెనక ఇంకో పేజీ ఉంది, కామిక్కులో చిట్టచివరిది. అందులో ఏముందో నాకింకా తెలియదు. చీమ దొరకలేదు, పేజీ తిప్పలేదు.